రమ్మంటే రారు.. నమ్మితే వస్తారు

నాట్ల వేళ తెలంగాణ పల్లెల్లో మనుషుల కోసం పెద్ద వెతుకులాట. డబ్బు ఎక్కువిస్తామన్నా కొందరికి కూలీలు దొరకరు. మరికొందరి మడిలో మాత్రం నారు ముదరకముందే నాటు పడుతుంది. తేడా ఎక్కడుంది?

జూలై చివరి వారం. చెరువు కింది మడులన్నీ ఒకేసారి తడిశాయి. ట్రాక్టర్లు దమ్ము చేసి వెళ్లిపోయాయి. నారు పోసి ఇరవై ఐదు రోజులైంది. ఇక నాటు పడాలి. ఆ సాయంత్రం ఊళ్లో ఏ రైతును చూసినా చెవి దగ్గర ఫోనే.

"అక్కా, రేపు మా మడికి వస్తరా?"

"రేపు ఎట్లయితది తమ్మీ? ఆదివారం దాకా ఒప్పుకున్నం. సోమవారం సూద్దాం."

"అప్పటిదాంక నారు ఆగదక్కా. ఎకరానికి ఐదొందలు ఎక్కువిస్త."

"గా మాట పక్కూరాయన పొద్దుగాల్నే అన్నడు."

సీజన్‌లో ప్రతి ఊళ్లోనూ ఇలాంటి మాటలే వినిపిస్తాయి. అడిగే రైతుది అత్యవసరం. పనిచేసే అక్కది ఇప్పటికే ఇచ్చిన మాట. మధ్యలో నారు రోజురోజుకూ ముదురుతుంటుంది. స్వల్పకాలిక రకాల నారును మూడు, నాలుగు వారాల మధ్య నాటేయాలి. ఆ గడువు దాటితే పిలకలు తగ్గుతాయి, దిగుబడి తగ్గుతుంది. అందుకే ఈ పది పదిహేను రోజుల్లో మనిషికి వచ్చే గిరాకీ ఏడాదిలో మరెప్పుడూ రాదు.

"కూలోళ్లు దొరుకుతలేరు" అన్న మాట నిజమే. అయితే అసలు కొరత రోజులది. మనుషుల కొరత దాని వెనకాలే వస్తుంది. ఊరంతటికీ నెల రోజుల్లో నిదానంగా పడాల్సిన నాటు పది రోజుల్లో పడాలంటే ఏ ఊళ్లోనూ మనుషులు చాలరు. ఈ సంగతి గుర్తించిన ఊళ్లు ముందే సర్దుకుంటున్నాయి. గుర్తించని ఊళ్లు ఏటా కూలి రేటు పెంచుకుంటూ పోతున్నాయి. అయినా వాటికి మనుషులు దొరకడం లేదు.

కోటి ఎకరాల నాటు

ఈ గిరాకీ పెరగడానికి కారణాలు మన కళ్ల ముందే ఉన్నాయి. మిషన్ కాకతీయ పేరుతో 2015 నుంచి చెరువుల పూడిక తీశారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. ఎత్తిపోతల నీళ్లు కొత్త ప్రాంతాలకు చేరాయి. ఒకప్పుడు మెట్ట పంటలతో సరిపెట్టుకున్న భూములు మడులయ్యాయి. 2020-21 నాటికి వానాకాలం, యాసంగి కలిపి తెలంగాణలో వరి సాగు కోటి ఎకరాలు దాటింది.

కోటి ఎకరాలను దున్నడానికి ట్రాక్టర్లు ఉన్నాయి. కోయడానికి వరికోత మిషన్లు ఉన్నాయి. మధ్యలో ఉన్న నాటు మాత్రం ఇప్పటికీ చాలావరకు మనిషి చేతి మీదే నడుస్తోంది. నాటు మిషన్లు వచ్చినా, వాటికి ట్రేలలో ప్రత్యేకంగా నారు పెంచాలి, మడి సమంగా చదును కావాలి, దిగబడిపోయే నేల కాకూడదు. ఈ మూడూ కుదిరిన చోట మిషన్ బాగానే పనిచేస్తోంది. కుదరని చోట మనిషి కావాల్సిందే.

ఆ మనుషులేమో ఊళ్లో తగ్గిపోయారు. నాటేసే చేతుల్లో ఎక్కువ భాగం నలభై దాటిన ఆడవాళ్లవి. వాళ్ల బిడ్డలు డిగ్రీ చదివారు. హైదరాబాద్‌లో షాపింగ్ మాల్లోనో, ఆస్పత్రిలోనో, ఫార్మా కంపెనీలోనో చేరారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు కొడుకులు గల్ఫ్‌లో ఉన్నారు. ఎనిమిది గంటలు నడుం వంచి బురదలో నిలబడే పనిని తమ బిడ్డలు చేయాలని ఏ తల్లీ కోరుకోదు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. పిల్లలు చదువుకోవడం కోసమే ఆ తల్లులు ఇన్నేళ్లు నాట్లు వేశారు.

ఉపాధి హామీ వల్లనే కూలీలు రావడం లేదన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆ పనులు ఎక్కువగా సాగింది ఎండాకాలంలో, ఏప్రిల్ నుంచి జూన్ మధ్య. నాట్ల నాటికి అవి బాగా తగ్గిపోయేవి. ఆ పథకం తెచ్చిన మార్పు వేరు. ఇంతకన్నా తక్కువకు పనిచేయనక్కర్లేదన్న ధైర్యం కూలీకి వచ్చింది. ఆ ధైర్యాన్ని కొరత అని పిలవడం న్యాయం కాదు.

పాలమూరు తిరగబడిన వేళ

వలస అనగానే తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చే పేరు పాలమూరు. దేశంలో ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా, రోడ్డు వేసినా మహబూబ్‌నగర్ జిల్లా కూలీలు అక్కడ ఉండేవాళ్లు. 'పాలమూరు లేబర్' అన్న మాట కాంట్రాక్టర్ల లెక్కల్లో ఒక స్థిరమైన పద్దు. గుంపు మేస్త్రీ దసరా దాటాక ఊళ్లోకి వచ్చేవాడు, కుటుంబానికి ఇంత అని అడ్వాన్స్ చేతిలో పెట్టేవాడు, మనుషుల్ని లారీ ఎక్కించేవాడు. పిల్లల చదువు ఆ లారీతోనే ఆగిపోయేది.

కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల కింద నీళ్లు పారాక ఆ జిల్లాలో కథ మారింది. వలస పోయిన వాళ్లలో కొందరు తిరిగొచ్చి సొంత మడి చేసుకుంటున్నారు. ఇప్పుడు అదే నేల మీద నాటేయడానికి బెంగాల్, బిహార్ నుంచి ముఠాలు వస్తున్నాయి. వలస పూర్తిగా ఆగిందని కాదు, పశ్చిమ మండలాల నుంచి ఇంకా పోతూనే ఉన్నారు. కానీ ఒకప్పుడు మనిషిని పంపిన జిల్లా ఇప్పుడు మనిషిని పిలుస్తోంది.

అందుకే ఈ విషయంలో పాలమూరు అనుభవం మనకు పెద్ద చదువు. అడ్వాన్స్ తీసుకుని పోయిన మనిషికి పరాయి ఊళ్లో ఏం జరుగుతుందో, కూలి ఎలా కోత పడుతుందో, జబ్బు చేస్తే ఎవరు పట్టించుకుంటారో ఆ పల్లెలకు చెప్పాల్సిన పనిలేదు. ఆ తిప్పలు పడ్డవాళ్లే నేడు యజమానుల స్థానంలో ఉన్నారు. పిలిచిన మనిషిని ఎలా చూసుకోవాలో వాళ్లకన్నా బాగా ఎవరికి తెలియాలి?

తాడు పట్టి నాటే చేతులు

బయటి ముఠాలు ఎలా వస్తాయో దగ్గరగా చూస్తే మనిషిని పిలవడంలోని మెలకువ అర్థమవుతుంది. ఊళ్లో ఒకరి దగ్గర మేస్త్రీ నంబరు ఉంటుంది. అది నిరుటి సీజన్‌లో వచ్చిన ముఠాది కావచ్చు, పక్క మండలం రైస్‌మిల్లులో పనిచేసే హమాలీ బంధువుది కావచ్చు. జూన్‌లో మాట నడుస్తుంది. ఎన్ని ఎకరాలున్నాయి, ఎకరానికి ఎంత, బియ్యం ఇస్తారా, ఉండటానికి చోటుందా. కుదిరితే పది నుంచి ఇరవై మంది రైలెక్కుతారు. వరంగల్‌లోనో సికింద్రాబాద్‌లోనో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఊరు చేరతారు.

తెల్లవారకముందే వండుకుంటారు. అన్నం, ఆలుగడ్డ కూర, పప్పు. వెలుతురు రాగానే మడిలో దిగుతారు. కొందరు నారు పీకి కట్టలు కట్టి గట్టు మీది నుంచి మడిలోకి విసురుతుంటే, మిగతావాళ్లు రెండు కొసలకు తాడు పట్టుకుని వరుసగా నాటుకుంటూ వెనక్కి నడుస్తారు. మన దగ్గర నాటు ఆడవాళ్ల పని. ఈ ముఠాల్లో ఎక్కువమంది మగవాళ్లే. ఎకరాల లెక్కన గుత్తకు చేస్తారు కాబట్టి పొద్దు గూకేదాకా ఆపరు.

వాళ్ల సంపాదన లెక్క కట్టి చూద్దాం. పదిహేను మంది ముఠా రోజుకు ఐదెకరాలు నాటిందనుకుందాం. ఎకరానికి 4,500 రూపాయల చొప్పున 22,500. తలకు 1,500. అందులో మేస్త్రీ వాటా, తిండి ఖర్చు, రానుపోను చార్జీలు, వాన పడి పని ఆగిన రోజులు పోవాలి. అవన్నీ తీసేసినా సొంతూళ్లో దొరికే కూలికన్నా మెరుగు. అందుకే వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లు దాటి వస్తున్నారు.

గుత్తలో ఒక చిక్కు కూడా ఉంది. ఎకరం ఎంత తొందరగా అయితే అంత లాభం కనుక కుదుళ్ల మధ్య ఎడం పెరుగుతుంది. చదరపు మీటరుకు వానాకాలంలో 33, యాసంగిలో 44 కుదుళ్లు ఉండాలని, ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ బాటల్లో గాలి ఆడితే సుడిదోమ బెడద తగ్గుతుంది. ఒప్పందం చేసుకునేటప్పుడే ఈ మాట చెప్పి, మొదటి మడిలో దగ్గరుండి చూపించిన రైతుకు నాటు మంచిగా పడుతుంది. రేటు బేరమాడి పక్కకు పోయిన రైతు, పలచగా పడిందని తర్వాత తిట్టుకుంటాడు.

ముఠాకూ రైతుకూ ఎక్కువగా తగాదా వచ్చేది గుంటల దగ్గర. పాసు పుస్తకంలో ఎకరం ఉంటుంది. మడిలో దిగితే ఎకరం నాలుగు గుంటలు తేలుతుంది. ఆ నాలుగు గుంటలు ఎవరి చెమట? సాయంత్రం డబ్బు లెక్కించేటప్పుడు ఇదే మాట మీద గొంతులు లేస్తాయి. ముఠా మనసు విరిగితే మర్నాడు పక్క రైతు దగ్గరికి వెళ్లిపోతుంది, వచ్చే ఏడు ఆ ఊరికే రాదు. ఫోన్‌లో జీపీఎస్‌తో మడి కొలిచే వీలు ఇప్పుడుంది. నాటుకు ముందే ఇద్దరూ కలిసి కొలుచుకుంటే ఈ తగాదా అసలు పుట్టదు.

మిల్లు గేటు దగ్గర ఆగిన లారీ

నాట్ల దగ్గర మొదలైన ఈ కొరత ధాన్యం మిల్లుకు చేరినప్పుడు మరో రూపంలో కనిపిస్తుంది. కొనుగోలు కేంద్రంలో ధాన్యాన్ని 40 కిలోల బస్తాలకెత్తుతారు. ఒక లారీకి ఆరు వందల బస్తాలంటే 24 టన్నులు. పన్నెండు మంది హమాలీలు దించితే ఒక్కొక్కరి వీపు మీదుగా యాభై బస్తాలు, రెండు టన్నులు దిగుతాయి. అది ఒక్క లారీ మాత్రమే. సీజన్‌లో గేటు బయట లారీలు బారులు తీరి ఉంటాయి.

హమాలీలు తక్కువైతే లారీ ఖాళీ కాదు. ఖాళీ కాని లారీ కొనుగోలు కేంద్రానికి తిరిగిపోదు. అక్కడ రైతు కుప్ప మీద టార్పాలిన్ కప్పుకుని ఆకాశం చూస్తుంటాడు. అకాల వాన పడితే ధాన్యం మొలకెత్తుతుంది. మిల్లులో పది మంది మనుషుల కొరత ముప్పై కిలోమీటర్ల అవతల ఒక రైతు ఆరు నెలల కష్టాన్ని ముంచుతుంది.

ఈ సంగతి రాష్ట్రమంతటికీ తెలిసొచ్చింది 2020లో. లాక్‌డౌన్‌తో రవాణా ఆగిపోయింది. హోలీకి సొంతూళ్లకు పోయిన బిహార్ హమాలీలు అక్కడే చిక్కుకుపోయారు. ఇక్కడేమో యాసంగి ధాన్యం కొనుగోళ్లు మొదలయ్యాయి. ఆ సీజన్‌లో కొన్న ధాన్యం 60 లక్షల టన్నులు దాటింది. మే 1న దేశంలోనే తొలి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి దాదాపు 1,200 మంది వలస కూలీలతో జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. సరిగ్గా వారం తర్వాత, మే 8న, బిహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల మందికి పైగా కూలీలతో మరో రైలు అదే లింగంపల్లికి వచ్చింది. వాళ్లను మిల్లులకు రప్పించేందుకు రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ మాట్లాడుకున్నాయి. స్టేషన్‌లో మంత్రులు నిలబడి పూలిచ్చి స్వాగతం పలికారు.

దేశమంతా కూలీలు కాలినడకన ఇళ్లకు పోతున్న రోజులవి. ఆ సమయంలో రెండు వందల మంది రైలెక్కి మన వైపు వచ్చారంటే, మిల్లు మీద, మేస్త్రీ మీద, మళ్లీ దొరికే పని మీద వాళ్లకున్న నమ్మకమే వాళ్లను కదిలించింది. అయితే ఆనాటి ఆ గౌరవం ఏటా దక్కాలి. బస్తా మోసే మనిషి విలువ తెలియడానికి మహమ్మారి రానక్కర్లేదు.

అడ్వాన్స్ అనే ముడి

మనుషులు కరువైన చోట అందరికీ మొదట తట్టే ఉపాయం అడ్వాన్స్. ముందు డబ్బిస్తే మనిషి మన వాడవుతాడన్న లెక్క. ఇది ఒక మేరకు ఇద్దరికీ మేలు చేస్తుంది. కూలీకి ఇంటి దగ్గర అవసరం తీరుతుంది, రైతుకు సీజన్ భరోసా దొరుకుతుంది. హద్దు దాటితే మాత్రం అదే అడ్వాన్స్ సంకెల అవుతుంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల కథలో ఈ చీకటి ఏళ్ల తరబడి కనిపిస్తోంది. అప్పు తీరేదాకా కదలనివ్వకపోవడం, పిల్లలు కూడా పనిలో చేయి కలపాల్సి రావడం. అప్పు కింద మనిషిని కట్టేయడం నేరమని 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం చెబుతోంది.

అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఐదుగురు, అంతకు మించి కూలీలను కాంట్రాక్టర్ తెస్తే లైసెన్సు ఉండాలని, రానుపోను ప్రయాణ భత్యం, ఊరు విడిచినందుకు నెల కూలిలో సగం భత్యం ఇవ్వాలని అందులో రాశారు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకుంది. కొత్త కోడ్‌లో లెక్క పది మందికి పెరిగింది. ప్రయాణ భత్యం ఉంది, ఊరు విడిచిన భత్యం లేదు. పొలం పనికి వచ్చే చిన్న ముఠాల విషయంలో చట్టం కాగితం మీదే మిగిలిపోతోంది. వాళ్ల భద్రత ప్రస్తుతానికి పిలిచిన రైతు మంచితనం మీద ఆధారపడి ఉంది. ఇది సరిపోదు. ఏ ఊళ్లో ఎవరు, ఎక్కడి నుంచి వచ్చి ఉన్నారో గ్రామ పంచాయతీ దగ్గర కనీసం ఒక పుస్తకం ఉండాలి. పిడుగు పడినా, పాము కరిచినా ఇంటికి కబురు చెప్పడానికైనా ఆ పేర్లు, నంబర్లు కావాలి.

తిండి విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు విధానాన్ని 2019 ఆగస్టులో మొదట ప్రయోగించిన వాటిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జంట ఒకటి. ఇప్పుడది దేశమంతా ఉంది. బిహార్ కూలీ తన కార్డు మీద కేంద్రం ఇచ్చే కోటా బియ్యాన్ని ఇక్కడి రేషన్ దుకాణంలో తీసుకోవచ్చు. ఈ సంగతి చాలామంది కూలీలకు తెలియదు. పిలిచిన రైతు ఒక్కసారి దుకాణం దాకా తోడు వెళ్తే చాలు.

మన అక్కల మాటేమిటి?

బయటి ముఠాల గురించి మాట్లాడుతూ ఊళ్లో ఉన్న ఆడవాళ్లను మరిచిపోతున్నాం. చాలా ఊళ్లలో బయటి ముఠాలు వచ్చాక స్థానిక మహిళలకు నాటు పని దినాలు తగ్గాయి. భూమి లేని ఇంట్లో ఆ నాట్ల రోజుల కూలి పిల్లల ఫీజుకు, బతుకమ్మ చీరకు, కిరాణా బాకీకి ఆధారం. అది చేజారితే వాళ్లూ పట్నం బస్సెక్కుతారు. మరుసటి ఏడు బెంగాల్ ముఠా ఏ కారణం చేతనో రాకపోతే ఊళ్లో నాటేసే చేతులే ఉండవు.

స్థానిక మహిళలు నాటుకు దూరమవడానికి రైతులు చెప్పే కారణం, వాళ్ల పని నెమ్మది అని. మహిళలను అడిగితే కారణాలు వేరే ఉంటాయి. ఒడ్డున తాగునీళ్లు ఉండవు. మరుగుకు చోటుండదు. డబ్బు వారానికో, ధాన్యం అమ్మాకో ఇస్తామంటారు. గడ్డి మందు కొట్టే మగవాడికి ఇచ్చిన దాంట్లో సగం కూడా నాటేసే ఆడమనిషికి ఇవ్వరు. సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చింది. పనులనే ఆడపని, మగపని అని విడదీసి ఆ చట్టాన్ని ఏళ్లుగా పక్కకు తప్పించుకున్నాం.

ఇప్పుడు మహిళలే గుంపులు కట్టి ఎకరాల లెక్కన గుత్త మాట్లాడుకుంటున్న ఊళ్లున్నాయి. రోజు కూలి కన్నా గుత్తలో ఆదాయం మెరుగు, పని వేళలు వాళ్ల చేతిలో ఉంటాయి. పొదుపు సంఘాలతో లెక్కలు రాయడం, సమావేశం పెట్టడం, అప్పు తిరిగి కట్టడం నేర్చుకున్న వాళ్లకు ఇది కొత్త కాదు. ఊరు మొదటి పిలుపు వాళ్లకే ఇవ్వాలి. మిగిలిన ఎకరాలకు బయటి ముఠాను పిలవాలి. అలా చేస్తే రెండు చేతులూ మిగులుతాయి.

దొరికే దారి

ఈ వెతుకులాట తగ్గాలంటే చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు, కానీ సీజన్‌కు ముందే చేయాలి. మొదటిది, నారు పోసే తేదీలు విడదీసుకోవడం. చెరువు ఆయకట్టు మూడు భాగాలైతే, వారం ఎడంతో మూడు విడతలుగా నారు పోయాలి. అప్పుడు పది రోజుల్లో పడాల్సిన నాటు మూడు వారాలకు పరుచుకుంటుంది. ఉన్న మనుషులే సరిపోతారు, రేటు మీద రేటు పెంచే పోటీ ఆగుతుంది. దీనికి ఏ పథకమూ అక్కర్లేదు, ఊరు ఒక్క సాయంత్రం కూర్చుంటే చాలు. కాలువ కింద అయితే నీళ్లు వదిలే అధికారులతో ఆ మాట ముందే మాట్లాడుకోవాలి.

రెండోది, నేల అనువుగా ఉన్న చోట కొంత భాగం నాటు లేకుండా సాగు చేయడం. మొలకెత్తిన విత్తనాన్ని డ్రమ్ సీడర్‌తో వరుసల్లో వేస్తే నారుమడి, నాటు రెండూ తప్పుతాయి, విత్తనమూ దాదాపు సగానికి తగ్గుతుంది. కలుపు మీద మాత్రం మొదటి నెల గట్టి నిఘా ఉండాలి. పదెకరాల రైతు మూడెకరాలు ఇలా వేసినా ఆ మేరకు మనుషుల మీద ఒత్తిడి తగ్గుతుంది.

మూడోది, వచ్చిన మనిషిని నిలుపుకోవడం. రైతుకైనా, మిల్లు యజమానికైనా, ఊళ్లో చిన్న ఫ్యాక్టరీ నడిపేవాళ్లకైనా ఇదే అన్నిటికన్నా పెద్ద ఉపాయం. కొత్తవాళ్లను వెతకడానికి ప్రతి ఏడూ పడే శ్రమలో సగం పెట్టినా పాతవాళ్లు మళ్లీ వస్తారు. ఒక ముఠాలో పదిహేను మంది ఉంటే, వాళ్ల వెనక సొంతూళ్లో వందల మంది ఉంటారు. ఏ ఊళ్లో డబ్బు సాయంత్రానికే చేతికొచ్చింది, ఎక్కడ జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లారు, ఎక్కడ ఎగ్గొట్టారు అన్నవి ఒక్క వాట్సాప్ సందేశంతో అందరికీ చేరిపోతాయి. ఎకరానికి మూడు వందలు తక్కువిచ్చినా మంచి పేరున్న ఊరికే వాళ్లు ముందు వస్తారు.

పిలిచే ముందు చూసుకోవాల్సినవి

• రేటు, తిండి, ప్రయాణ ఖర్చు, మేస్త్రీ వాటా ముందే కాగితం మీద రాసుకోవాలి. ఒక కాపీ మేస్త్రీ దగ్గర, ఒకటి మీ దగ్గర.

• మడి విస్తీర్ణం ఇద్దరూ కలిసి కొలవాలి. నాటు ఎడం, కాలిబాటలు మొదటి రోజే చూపించాలి.

• ఉండటానికి కప్పు, కరెంటు, తాగునీళ్లు, మరుగుదొడ్డి సిద్ధం చేశాకే రమ్మనాలి. మోటారు షెడ్డులో పడుకోమనొద్దు. అక్కడ పాము, కరెంటు రెండూ ప్రమాదమే.

• నాటు పూర్తయిన రోజే డబ్బు ఇవ్వాలి. వీలైతే మేస్త్రీ వాటా వేరుగా, కూలీల డబ్బు వాళ్ల ఖాతాల్లోకి.

• ప్రతి ఒక్కరి పేరు, ఊరు, ఇంటి ఫోన్ నంబరు పంచాయతీలో ఇవ్వాలి.

• సీజన్ అయిపోయాక ఒకసారి, పండుగకు ఒకసారి ఫోన్ చేయాలి. వచ్చే ఏటి ఒప్పందం అక్కడే మొదలవుతుంది.

కూలి పెరిగితే సాగు గిట్టదన్న రైతు బాధ నిజమైనదే. కౌలు, ఎరువులు, డీజిల్ అన్నీ పెరిగాయి. మద్దతు ధర ఆ వేగంతో పెరగలేదు. ఆ లెక్క తేల్చాల్సింది ప్రభుత్వాలు. కూలి రేటు తొక్కి ఆ లోటు పూడ్చాలని చూస్తే ఇప్పుడు మనుషులే మిగలరు. నాటేసే మనిషి, బస్తా దించే మనిషి చేతిలో ఇవాళ మరో ఊరి నంబరు ఉంది. తనను నమ్మే చోటును ఎంచుకునే వీలు ఆ మనిషికి తొలిసారిగా దక్కింది. యాసంగి నార్లు పోయడానికి ముందే ప్రతి ఊరూ కూర్చుని తేదీలు రాసుకోవాలి, అక్కల గుంపుకు మొదటి మాట ఇవ్వాలి, నిరుటి మేస్త్రీకి ఫోన్ చేసి అతని బాకీ ఏమైనా ఉంటే తీర్చేయాలి. మనుషుల కొరతకు మందు అక్కడ మొదలవుతుంది.